స్తూపం మీది పేరుకు సాక్ష్యం ఏది?

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట వారోత్సవాల కోసం ఈసారి చాలా గ్రామ కమిటీలు తమ ఊరి పోరాట చరిత్రను చిన్న పుస్తకంగా తెస్తున్నాయి. ఇవి ఒక్కరు కూర్చుని రాసేవి కావు. బడి పంతులు ఒక పేజీ రాస్తాడు, పాత కార్యకర్త మనవడు నాలుగు పేర్లు చేరుస్తాడు, పట్నంలో ఉద్యోగం చేసుకునే ఊరి కుర్రాడు పాత ఫొటో పంపుతాడు, వాట్సాప్ గ్రూపులో మరో పది పేర్లు వచ్చి పడతాయి. ఇన్నేళ్లుగా నాయకులు రాసిన చరిత్రే మనం చదువుకున్నాం. ఇప్పుడు ఊరే తన చరిత్ర రాసుకుంటోంది. దీన్ని మన సంఘం మనసారా ఆహ్వానిస్తోంది.

అయితే ఒక మాట కటువుగానే చెప్పాలి. అచ్చుకు ముందు చూడమని పంపిన రాతప్రతుల్లో ఎక్కువ వాటిలో ఏ పేరు పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. అమరుడి పేరుంది, ఊరుంది, తేదీ కూడా ఉంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చూసి చెప్పారా విని చెప్పారా, ఏ కాగితంలో ఉంది అన్నది లేదు. అడిగితే "మా ఊళ్లో అందరికీ తెలిసిందే" అన్న జవాబు వస్తోంది. అందరికీ తెలిసినదాన్ని రాసి పెట్టకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

పేరు తప్పు పడితే ఏమవుతుందో రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాసుపుస్తకంలో ఒక అక్షరం తేడా వచ్చినందుకు రైతుబంధు ఆగిపోయిన ఇళ్లు ప్రతి మండలంలో ఉన్నాయి. 2020లో ధరణి వచ్చాక, తాత పేరు ఒక తీరుగా, తండ్రి పేరు ఒక తీరుగా ఎక్కి, సొంత భూమి మీద తానెవరో రుజువు చేసుకోవడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు మన సభ్యుల్లోనే ఎందరో. ఆ భూమి కోసమే ప్రాణం ఇచ్చినవాళ్ల పేర్ల దగ్గర మాత్రం "ఏదో ఒకటి రాసేద్దాం" అనుకుందామా?

పోరాటంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య తన 1972 పుస్తకంలో రాశారు. ఆ సంఖ్యను మనం ప్రతి సభలో చెప్తాం. కానీ సంఖ్య వేరు, జాబితా వేరు. నాలుగు వేలలో పేరు, ఊరు, చనిపోయిన రోజు, చెప్పిన మనిషితో సహా చూపగలిగేది ఎందరిని? ఈ ప్రశ్న మన ప్రత్యర్థి అడగకముందే మనం అడగాలి.

ఎవరి పేర్లు మిగిలాయి, ఎవరివి పోయాయి అని చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. కోర్టుకెక్కినవాళ్లు కాగితంలో మిగిలారు. 1949లో హైదరాబాద్ ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు వేసిన రైతుల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1951 నాటి జనార్దన్ రెడ్డి కేసు అని ఇప్పటికీ న్యాయవాదులు దాన్ని చదువుతారు. మలబారులో యుద్ధ కాలంలోనే, 1943 మార్చి 29న, ఉరితీసిన నలుగురు కయ్యూరు రైతు బిడ్డల పేర్ల మీద వివాదం లేదు. ఎందుకంటే వాళ్లను చంపిన ప్రభుత్వమే వాళ్ల పేర్లు రాసిపెట్టింది. చేను గట్టు మీద కాల్చి పడేసినవాడికి, క్యాంపులో దెబ్బలకు చనిపోయిన జీతగాడికి, తగలబడిన గూడెంలోని కోయ తల్లికి అటువంటి కాగితం లేదు. వెట్టి చేసినవాళ్ల పేర్లే ఎక్కువగా పోయాయి. కాబట్టి సాక్ష్యం అడగడమంటే పేదవాడిని జాబితా నుంచి తీసెయ్యడం కాదు. పేదవాడి సాక్ష్యం ఎక్కడుందో ఇంకా గట్టిగా వెతకడం.

ఆ వెతుకులాటలో ముందుగా ఎదురయ్యే చిక్కు లిపి. నిజాం రాజ్యంలో సర్కారు కాగితం ఉర్దూలో నడిచింది. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. ళ, ణ అక్షరాలు తెలుగులో ఉన్నట్టు అక్కడ లేవు. కొమరయ్య, కుమరయ్య, కొమురయ్య అక్కడ ఒకే రాత. 1948 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం వచ్చాక అదే పేరు ఇంగ్లీషులోకి పోయింది. తర్వాత ఎవరో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చారు. మూడు లిపులు దాటి వచ్చిన పేరు ఇంట్లో పిలిచిన పేరులా ఉండదు. అందుకే ఒక జాబితాలో ఇద్దరుగా కనిపించేవాళ్లు ఒక్కరే కావచ్చు. ఒక్కరుగా కనిపించేవాళ్లు ఇద్దరూ కావచ్చు. ఎల్లయ్య, మల్లయ్య, యాదగిరి, వెంకటయ్య అన్న పేర్లు ఇంటిపేరు లేకుండా రాస్తే ఊరికి పదిమంది తేలతారు. తండ్రి పేరు, ఇంటిపేరు, వాడ లేకుండా ఏ పేరూ పూర్తి కాదు.

తేదీల చిక్కు ఇంకోటి. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. మన ఆంధ్ర ప్రాంతపు రెవెన్యూ లెక్కలో ఫసలీ జులై 1న మొదలవుతుంది. హైదరాబాద్ రాజ్యంలో అక్టోబరు మొదట్లో, ఆజూరు నెలతో మొదలయ్యేది. దొడ్డి కొమరయ్య కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు ఒరిగిన రోజు 1946 జులై 4. హైదరాబాద్ లెక్కలో అది ఇంకా 1355 ఫసలీయే. కృష్ణా జిల్లా కరణం లెక్కలో అప్పటికే 1356 వచ్చేసింది. అంకెకు 590 కలిపేసి తేదీ వేస్తే ఏడాది తేడా పడుతుంది. ఒకే సంఘటనకు పుస్తకాల్లో రెండేసి సంవత్సరాలు కనిపించే చోట మొదట ఇది చూడండి.

జిల్లా సంగతీ అంతే. కడవెండి ఆనాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. తర్వాత వరంగల్, 2016 నుంచి జనగామ జిల్లా. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో ముక్క. మునగాల ప్రాంతం పోరాట కాలంలో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలో ఉండేది. పాత జాబితాలో "నల్లగొండ జిల్లా" అని ఉందని ఇవాళ్టి నల్లగొండలో వెతికితే ఆ మనిషి దొరకడు. ఆనాటి తాలూకా, ఇవాళ్టి మండలం రెండూ రాయాలి.

ఇక అందరికీ తెలిసిన పేర్ల సంగతి. పాలకుర్తి ఐలమ్మ కంటే ఎక్కువ మందికి తెలిసిన పేరు ఏముంది? 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. అయినా ఐలమ్మ అని కొందరు, ఇలమ్మ అని కొందరు రాస్తున్నారు. చాకలి అన్నది కులం, చిట్యాల అన్నది ఇంటిపేరు. రెండూ చెలామణిలో ఉన్నాయి. అంతకంటే పెద్ద తేడా పుట్టిన సంవత్సరంలో ఉంది. 1895 అని కొన్ని చోట్ల, 1919 అని కొన్ని చోట్ల. ఇరవై నాలుగేళ్ల తేడా ఇది. దీన్ని తేల్చడానికి గొప్ప పరిశోధన అక్కర్లేదు, కాస్త ఆలోచిస్తే చాలు. ఆమె పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వచ్చి, సంఘం అడ్డుకున్న రోజులకు ఆమె కొడుకులు సంఘంలో పనిచేస్తున్నారు, కేసుల్లో ఇరుక్కున్నారు. 1919లో పుట్టిన ఆడమనిషికి అప్పటికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఆ వయసు తల్లికి జైలుకు పోయే వయసు కొడుకులు ఎలా ఉంటారు? అంతమాత్రాన 1895 రుజువైపోలేదు. కానీ 1919 అని రాసేముందు చెయ్యి ఆగాలి. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఆగకుండా ఎక్కించుకుంటూ పోవడం వల్లే ఇలాంటివి నిలబడిపోతున్నాయి.

ఆడవాళ్ల పేర్లకు మరో జాగ్రత్త కావాలి. మల్లు స్వరాజ్యం అని ఇవాళ అందరం అంటాం. పోరాట రోజుల్లో ఆమె భీమిరెడ్డి వారి అమ్మాయి. మల్లు ఇంటిపేరు పోరాటం ముగిశాక పెళ్లితో వచ్చింది. అజ్ఞాతంలో ఆమెను రాజక్క అన్నారు. ఆనాటి పోలీసు కాగితాల్లో "మల్లు స్వరాజ్యం" కోసం వెతికితే ఆమె ఉండదు. ఆరుట్ల కమలాదేవి పుట్టినింటి పేరు రుక్మిణి. ఇంత పేరున్నవాళ్లకే ఇన్ని పేర్లుంటే, దళానికి అన్నం మోసిన, కబురు చేరవేసిన మామూలు ఆడవాళ్లు జాబితాల్లో "ఫలానా వాని భార్య" గానే మిగిలారంటే ఆశ్చర్యం లేదు. ప్రతి రాతప్రతిలో అలా ఉన్నచోట ఆమె పుట్టింటి పేరు, పుట్టింటి ఊరు కనుక్కోండి. పుట్టింటివాళ్లకు ఆమె పేరు గుర్తుంటుంది.

పుస్తకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, ఆరుట్ల రామచంద్రారెడ్డి, అందరూ పోరాటంలో ఉన్నవాళ్లే, అందరూ రాశారు. 1948 సెప్టెంబరు తర్వాత పోరాటం కొనసాగించడం సరైనదా కాదా అన్న దగ్గర వాళ్ల దారులు వేరయ్యాయి. ఆ తేడా, ఏ సంఘటనను ఎంత పెద్దదిగా రాయాలి, ఎవరి పేరు చెప్పాలి అన్న దాకా పాకింది. ఏ ఒక్క పుస్తకమూ అబద్ధం అనడం లేదు. రెండు మూడు పక్కపక్కన పెట్టి చదవాలంటున్నాం. ఇంకో సంగతి. ఒక పుస్తకంలోని పేరును పది కరపత్రాలు ఎత్తి రాస్తే పదకొండు ఆధారాలు అయినట్టు కాదు. ఒక్కటే. ఆధారాలు లెక్కపెట్టేటప్పుడు ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో చూడాలి.

నాటకాలు, పాటలు, సినిమాలు కూడా చరిత్రగా చొరబడుతున్నాయి. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో పోరాడి చంపబడిన రైతు. 1947 నాటి 'మా భూమి' నాటకం ఆయన పేరును ఊరూరికీ తీసుకెళ్లింది. సుంకర, వాసిరెడ్డి చేసిన మేలు అది. కానీ నాటకంలోని సంభాషణను ఆయన నిజంగా అన్న మాటగా అచ్చు వేయడం ఆయనకు న్యాయం చేయడం కాదు. ఆయన భూమి, ఆయన కేసు, ఆయన చావు చాలు. వాటికి కల్పన తోడు అక్కర్లేదు.

పెద్దల నోటి మాటను తీసుకునే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే మన పుస్తకాలన్నిటికీ అదే ప్రాణం. 1986లో స్త్రీ శక్తి సంఘటన ఒక బృందంగా పనిచేసి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కలిసి, వాళ్ల మాటలు వాళ్ల పేర్లతోనే అచ్చువేసింది. నలుగురు కలిసి చరిత్ర రాస్తే ఎలా ఉండాలో మన భాషలోనే నమూనా ఉంది. పెద్దమనిషి దగ్గరకు పోయి "కొమరయ్యను నువ్వు చూశావు కదా తాతా" అని అడిగితే "ఆ చూసిన" అంటాడు. మన మాట కాదనడం ఎందుకని. "ఆ రోజు నువ్వెక్కడున్నవ్? పొద్దున ఏం జేసినవ్?" అని అడగాలి. పేరు మనం అందించకూడదు. అన్నదమ్ములిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే రెండో ఆయన మొదటి ఆయన మాటే చెప్తాడు. విడివిడిగా కూర్చోవాలి. తేదీ అడిగితే రాదు. "బతుకమ్మ ముందా, వెనకా? మిలిటరీ రాకముందా? వరి కోతలప్పుడా, నాట్లప్పుడా?" అంటే వస్తుంది. పెద్ద వాడలో అడిగి వచ్చేయకుండా మాదిగ వాడకు, మాల వాడకు, చాకలి ఇళ్లకు, తురకోళ్ల ఇళ్లకు పోయి అదే ప్రశ్న అడగాలి. కథ మారుతుంది, చూడండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, ముందు మీ పేరు, ఆ రోజు తేదీ, ఊరు గట్టిగా చెప్పి మొదలుపెట్టాలి. 1948లో పదేళ్ల పిల్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఈ పనికి వచ్చే ఏడాది అని లేదు.

రెండు చోట్ల మాత్రం చెప్పిందంతా రాయకూడదు. ఒకటి, ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలు. జరిగిందని రాయాలి, ఎవరు చేశారో రాయాలి. ఆమె పేరు మాత్రం, ఆమె బతికుండగా తానే బయట చెప్పి ఉంటే తప్ప, కుటుంబం ఒప్పుకోకుండా అచ్చు వేయడానికి మనకు హక్కు లేదు. రెండు, ద్రోహుల పేర్లు. "ఫలానావాడు పోలీసులకు జాడ చెప్పాడు, సంఘం శిక్షించింది" అన్న వాక్యాలు మూడు రాతప్రతుల్లో కనిపించాయి. ఒక్కరి నోటి మాట మీద. ఆ మనిషి మనవలు అదే ఊళ్లో, మన సంఘంలోనే ఉండి ఉంటారు. పొగడటానికి ఒక సాక్ష్యం చాలదంటే, తప్పు మోపడానికి అసలే చాలదు. పాత భూతగాదాలు ఇటువంటి వాక్యాల వెనక దాక్కుంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

లెక్కలు కుదరని చోట ఏం చేయాలి? బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు జరిపిన హత్యాకాండలో ఎంతమంది చనిపోయారన్నదానికి తొంభై లోపు, తొంభై ఆరు, నూటికి పైగా అని వేర్వేరు లెక్కలున్నాయి. పెద్ద అంకె రాస్తే త్యాగం పెద్దదవుతుందని ఎవరైనా అనుకుంటే, ఆ బురుజు దగ్గరకు పోయి నిలబడి రావాలి. మూడు లెక్కలూ ఎవరివో చెప్పి మూడూ రాయవచ్చు. పక్క ఊళ్ల నుంచి వచ్చి తలదాచుకున్నవాళ్లను ఒక లెక్క కలుపుకుని, ఇంకోటి వదిలేసిందేమో చూడవచ్చు. పేర్లు ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతే అంకె దానంతట అదే తేలుతుంది.

ఇంత పట్టుదల ఎందుకని అడిగే మిత్రులకు సెప్టెంబరు 17నే చూపిస్తాం. ఆ రోజును విమోచనమనీ, విలీనమనీ, మరోటనీ అంటూ ప్రతి ఏడూ కొట్లాట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ గల్లా పేరుతో రైతు గింజలు ఊడ్చుకుపోయినప్పుడు, వెట్టికి, బేదఖలుకు ఎదురు తిరిగినప్పుడు రాజుకున్న పోరాటాన్ని హిందువులు ముస్లింల మీద చేసిన యుద్ధంగా మార్చి చెప్పే ప్రయత్నం గట్టిగా సాగుతోంది. ఉపన్యాసంతో దానికి జవాబు చాలదు. కొమరయ్యను చంపించిన దేశ్‌ముఖ్ ఏ మతస్తుడు, భూమి కోసం చచ్చిన బందగీ ఏ మతస్తుడు, రజాకార్లకు ఎదురు రాసి 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపబడిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఏ మతస్తుడు? పేర్లే జవాబు చెప్తాయి. పోలీసు చర్య తర్వాత సాగిన మారణకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. ఎక్కువగా ముస్లింలైన ఆ చనిపోయినవాళ్ల పేర్లు కూడా మన ఊళ్లలో ఉంటే రాయాలి. నచ్చినవాళ్ల పేర్లు మాత్రమే రాస్తే మనం తిట్టే చరిత్రకారులకూ మనకూ తేడా ఉండదు.

పేర్లు తీసేసేవాళ్లు కూడా ఉన్నారు. భారత చరిత్ర పరిశోధన మండలి తెచ్చిన స్వాతంత్ర్య పోరాట అమరుల నిఘంటువు అయిదో సంపుటంలో మన రాష్ట్రాలతో పాటు కేరళ కూడా ఉంది. అందులోంచి 1921 మలబారు తిరుగుబాటుకు చెందిన 387 పేర్లు తొలగించాలని 2021లో ఆ మండలి వేసిన కమిటీయే సిఫారసు చేసింది. ఆధారం గట్టిగా ఉన్న పేరునే ఇలా కదిలించగలిగితే, ఆధారం లేని పేరును తుడిచెయ్యడానికి ఎంతసేపు?

ఒక మిత్రుడి అభ్యంతరం న్యాయమైనది. "కాగితాలు అడిగితే లాభపడేది కాగితాలున్నవాళ్లే" అన్నారు. సమరయోధుల పింఛనులో జైలు రికార్డు దొరకనివాళ్లకు తోటి ఖైదీల ధ్రువపత్రాన్ని ఆధారంగా ఒప్పుకున్నారు. పేదవాళ్లకు అది మేలు చేసింది. దాన్ని అడ్డం పెట్టుకుని జైలు మొహం చూడనివాళ్లూ సమరయోధులయ్యారన్న ఫిర్యాదులూ మిగిలాయి. రెండూ నిజమే. కాబట్టి మన పుస్తకాల్లో ఆధారం తక్కువైన పేరును తీసెయ్యవద్దు. "ఫలానా వాడకు చెందిన ఫలానా ఆమె, ఫలానా తేదీన చెప్పింది. మరో ఆధారం దొరకలేదు" అని ఆ పేరు కిందే రాయండి. వెనక వచ్చేవాళ్లు దాన్ని పట్టుకుని ఇంకో ఆధారం తెస్తారు. రాతి మీద చెక్కడానికి మాత్రం తొందరపడవద్దు. కాగితం మీద దిద్దినట్టు శిలాఫలకం మీద దిద్దలేం.

కాగితాలు వెతికేవాళ్లకు కొన్ని చోట్లు చెప్తాం. 1954–55 ఖాస్రా పహాణీ మనలో చాలామందికి భూమి కేసుల్లో తెలిసిందే. ఇంటిపేర్లు, తండ్రి పేర్లు సరిచూడటానికి అంతకంటే దగ్గరి రికార్డు లేదు. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితాలు, గోలకొండ పత్రిక పాత సంచికలు, తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారం కూడా చూడాలి. అక్కడి పాత ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. మన కార్యకర్తల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు గానీ, చేతిరాత ఉర్దూ చదవగలిగేవాళ్లు తక్కువ. పాత పట్వారీ కుటుంబాల్లో, ఉర్దూ మీడియం టీచర్లలో, మదర్సా చదువు చదివినవాళ్లలో మీ మండలంలో అటువంటివాళ్లు ఎవరైనా ఉంటే, నెలకు రెండు రోజులు ఈ పనికి ఇవ్వగలరేమో అడిగి, వాళ్ల వివరాలు జిల్లా కమిటీకి పంపండి. రానుపోను ఖర్చులు సంఘం భరిస్తుంది.